సూపర్ కంప్యూటర్‌కు పెటాఫ్లాప్‌లొక్కటే కొలత కాదు

సంపాదకుల వారికి,

2024లో పుణె సమీపంలోని జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపుకు పరమ్ రుద్ర సూపర్ కంప్యూటర్ ఇచ్చారు. ఖగోళ, గ్రహ పరిశోధనలకు తర్వాతి తరం యంత్రం కోసం సోలార్ కరెంటున్న మన కర్నూలు జిల్లా గట్టిగా పోటీపడాలి. కానీ పెటాఫ్లాప్‌ల (ఒక పెటాఫ్లాప్ అంటే సెకనుకు వెయ్యి లక్షల కోట్ల లెక్కలు) సంఖ్య ఒక్కటే చూసి టెండరు పిలిస్తే డబ్బు వృథా అవుతుంది.

అమెరికాలోని ఫ్రాంటియర్ యంత్రం ర్యాంకులిచ్చే లిన్‌ప్యాక్ పరీక్షలో 1,100 పెటాఫ్లాప్‌లు దాటింది. మెమరీ నుంచి డేటాను మాటిమాటికీ లాగే హెచ్‌పీసీజీ పరీక్షలో వచ్చింది 14 మాత్రమే. నక్షత్రాల పేలుళ్లు, గ్రహాల వాతావరణం లెక్కగట్టే ప్రోగ్రాములు చాలావరకు ఈ రెండో పరీక్షకే దగ్గర. కాబట్టి శాస్త్రవేత్తల సొంత ప్రోగ్రాములను పూర్తి యంత్రం మీద నడిపి చూశాకే బిల్లు చెల్లించాలి.

చిప్‌ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఏఐ కోసం వస్తున్న కొన్ని కొత్త చిప్‌లలో 64 బిట్ల (దాదాపు 16 అంకెల కచ్చితత్వం గల) గణన సామర్థ్యాన్ని బాగా తగ్గించేశారు. సూర్యుడికి 450 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న నెప్ట్యూన్ స్థానాన్ని 32 బిట్లలో (దాదాపు 7 అంకెల్లో) రాస్తే చివరి అంకె సవరింపులోనే (రౌండింగ్) వందల కిలోమీటర్ల తేడా వస్తుంది. 64 బిట్లలో అది మిల్లీమీటరు లోపే. కోట్ల ఏళ్ల కక్ష్యను అడుగడుగునా లెక్కగట్టేటప్పుడు ఆ తేడా పేరుకుపోయి ఫలితం పనికిరాకుండా పోతుంది.

డేటా నిల్వను ఎవరూ పట్టించుకోరు. లెక్కగట్టాల్సిన అంతరిక్ష భాగాన్ని చిన్న చిన్న గడులుగా విడగొడతారు. ఒక్కో వైపు 4,096 గడులున్న ఘనంలో, గడికి 10 విలువలు దాచినా ఒక్క స్నాప్‌షాట్ (ఒక క్షణంలోని అన్ని గడుల విలువలు) 5.5 టెరాబైట్లు. డిస్కు వేగం సెకనుకు 100 గిగాబైట్లయితే అది రాయడానికి 55 సెకన్లు, 5 గిగాబైట్లయితే 18 నిమిషాలు. అంతసేపూ యంత్రం ఊరికే నిలబడుతుంది. గడి వెడల్పు సగం చేస్తే డేటా 8 రెట్లు, లెక్క 16 రెట్లు పెరుగుతాయి, ఎందుకంటే కాలపు అడుగునూ (ఒక లెక్కకూ తర్వాతి లెక్కకూ మధ్య కాలాన్ని) సగం చేయాలి.

ఇక మన ఎండల సంగతి. కూలింగ్ టవర్ పెడితే ప్రతి మెగావాట్ వేడికీ రోజుకు సుమారు 35 వేల లీటర్ల నీళ్లు ఆవిరైపోతాయి. ఉప్పు పేరుకోకుండా బయటికి వదిలేసేది అదనం. 5 మెగావాట్లకు దాదాపు 1.75 లక్షల లీటర్లు. తాగునీటికే ట్యాంకర్లు తిరిగే సీమలో ఇది తగదు. చిప్‌ల మీదికే గొట్టాలతో నీరు పంపి, ఆ నీటినే మళ్లీ మళ్లీ తిప్పే లిక్విడ్ కూలింగ్ కావాలి. లోపలికి వెళ్లే నీరు 45 డిగ్రీలున్నా పనిచేసే రకాన్నే ఎంచుకోవాలి. ఆ నీటి వేడిని ఫ్యాన్లతో గాలిలోకి వదిలే డ్రై కూలర్ నీటిని బయటి గాలి కన్నా సుమారు 5 డిగ్రీలు పైనే ఉంచుతుంది. అంటే మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీలున్నప్పుడు నీరు 49కి చేరుతుంది. ఆ కొద్ది గంటలు మాత్రమే గాలిలో నీటి తుంపర చల్లాలి. మన ఎండ పొడిగా ఉంటుంది కాబట్టి కొద్ది నీటితోనే గాలి బాగా చల్లబడుతుంది. నాపరాళ్ల పాలిషింగ్ పొడి కూలర్ రెక్కల్లో పేరుకుంటే ఇవేవీ పనిచేయవు. అందుకే యంత్రం చోటును క్వారీలకు, పాలిషింగ్ యూనిట్లకు దూరంగా చూడాలి.

గని, శకునాల గ్రామాల సోలార్ పార్కు సామర్థ్యం 1,000 మెగావాట్లయినా, రాత్రి కరెంటుకు విడిగా ఒప్పందం ఉండాల్సిందే. పిన్నాపురం తరహా పంప్డ్ స్టోరేజీ (మిగులు కరెంటుతో నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే ఏర్పాటు) నుంచి ఎన్ని మెగావాట్లు, ఏ వేళల్లో తీసుకుంటారో ప్రాజెక్టు నివేదికలోనే రాయాలని అధికారులను కోరుతున్నాం.

భవదీయులు,
భౌతికశాస్త్ర, కంప్యూటర్ సైన్స్ అధ్యాపకులు,
కర్నూలు.