రాగిరేకు మీద ఇంకొకరి గీత

ప్రియమైన శేషూ,

నీ ఉత్తరం అందింది. ఇంటి సంగతులన్నీ మరోసారి తీరిగ్గా రాస్తాను. ఒకరు గీసిన బొమ్మను ఇంకొకరు రాగిరేకు మీదికి ఎక్కించి అచ్చు వేస్తే అందులో ఆ రెండోవాడి గొప్పతనం ఏముందని నువ్వు వేసిన ప్రశ్న నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. నేను మనసు పారేసుకున్న డచ్చి ఎచింగ్ కళాకారులంతా సరిగ్గా ఆ పని చేసినవాళ్లే కనుక, జవాబు కొంచెం పొడవుగానే ఉంటుంది, ఓపికగా చదువు.

ముందు ఈ ఎచింగ్ పని ఎలా జరుగుతుందో చెప్పనీ. నున్నగా సానబెట్టిన రాగిరేకు మీద మైనం, గుగ్గిలం వంటివి కలిపిన పల్చటి పూత వేసి, సూదితో గీస్తే ఆ గీత వెంబడి పూత లేచిపోయి రాగి బయటపడుతుంది. రేకును ఆమ్లంలో ఉంచినప్పుడు బయటపడిన చోట మాత్రమే రాగిని ఆమ్లం తినేసి గాడి చేస్తుంది. ఆ గాడిలో సిరా నింపి, పైభాగం తుడిచి, తడిపిన కాగితం పరిచి ప్రెస్సులో తిప్పితే బొమ్మ కాగితం మీదికి వస్తుంది. అయితే అది అద్దంలో ప్రతిబింబంలా కుడి ఎడమలు మారి వస్తుంది కాబట్టి, మూలచిత్రాన్ని ఉన్నది ఉన్నట్టు చూపించాలనుకునేవాడు రేకు మీద దాన్ని తిరగేసి గీయాలి. కుడిచేతి వాటం గల చిత్రకారుడు ఒక ఊపులో లాగిన గీతను, ఆ ఊపు చెడకుండా, ఎదురు దిశలో లాగడం ఎంత కష్టమో బొమ్మలు గీసే నీకు నేను చెప్పనక్కరలేదు.

ఈ దారిలో ముందుగా చెప్పుకోవలసిన వ్యక్తి నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో న్యాయవాదిగా ఉన్న యాన్ డె బిస్కోప్ (1628–1671). తీరిక వేళల్లో బొమ్మలు గీసిన ఈయన కుంచెతో పరిచే గోధుమరంగు సిరాకు తరువాతివాళ్లు ఆయన పేరే పెట్టారంటే ఆ చేతి నేర్పు ఎలాంటిదో ఊహించుకో. ప్రాచీన శిల్పాలను ఇతర చిత్రకారులు గీసుకొచ్చిన డ్రాయింగుల ఆధారంగా ఆయన వంద ఎచింగులు తయారుచేశాడు. 1671లో వెలువడిన రెండో సంపుటిలో ఇటలీ మహాచిత్రకారుల డ్రాయింగులను కూడా ఇలాగే ఇచ్చి, దాన్ని డచ్చి మహాచిత్రకారుడు రెంబ్రాంట్ మిత్రుడైన యాన్ సిక్స్‌కు అంకితం చేశాడు. ఆ అంకితంలోనే, నగ్నదేహాలను అందవికారంగా చూపడం గొప్పతనమనుకునే ధోరణిని గట్టిగా విమర్శించాడు. ఆ అభిప్రాయం నాకు నచ్చదు కానీ, యువ చిత్రకారుల ముందు మంచి నమూనాలు పెట్టాలన్న తపన మాత్రం ఆ రేకుల్లో స్పష్టంగా కనబడుతుంది. అంతటి సిరా పనివాడికి కూడా రాగి మీద చేతికి అందినది గీత ఒక్కటే. నీడ కావలసిన చోట గీతలను దగ్గర చేసి, ఒకదాని మీదుగా ఇంకొకటి లాగి, వెలుగు ఉన్న చోట వాటిని పల్చబరిచి వదిలేశాడు. అవి చూసినవాడికి మూలచిత్రం ఎలాంటిదో అర్థమవుతుంది, కానీ చూస్తున్నది డ్రాయింగే అన్న భ్రమ మాత్రం కలగదు.

ఆ భ్రమ కలిగించి తీరాలని పట్టుబట్టినవాడు ఆంస్టర్‌డాం కలప వ్యాపారి కొర్నేలిస్ ప్లోస్ వాన్ ఆంస్టెల్ (1726–1798). నా దృష్టిలో ఈ కథకు నాయకుడు ఈయనే. చిత్రకారుడు కొర్నేలిస్ ట్రోస్ట్ కూతురును పెళ్లాడిన ఈయన, వేలకొద్దీ డ్రాయింగులు సేకరించి, తన వంటి కొద్దిమంది ధనికుల అట్టపెట్టెల్లో దాగి ఉండే బొమ్మలను నలుగురి కళ్ల ముందుకు తేవాలనుకున్నాడు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, డ్రాయింగు అంటే గీత మాత్రమే కాదు. సుద్దతో గీసిన గీత కాగితపు గరుకు మీద పొడిపొడిగా విరుగుతుంది, నీళ్లు కలిపిన సిరా మరకలా పరుచుకుంటుంది, కొన్నింట్లో నీటిరంగులు కూడా ఉంటాయి. సూది గీసే గాడికి వీటిలో ఏదీ లొంగదు.

ఆయన, ఆయన దగ్గర పనిచేసిన యొహన్నెస్ కోర్న్‌లైన్, బెర్నార్డ్ ష్రూడర్ వంటి చేయి తిరిగిన పనివాళ్లు కలిసి ఒక్కో గుణానికి ఒక్కో ఉపాయం వెతికారు. సుద్దగీత కోసం సన్నని పళ్లున్న చిన్న చక్రాన్ని పూత మీద దొర్లించి చుక్కల వరుసలు తీశారు. సిరా మరక కోసం గుగ్గిలం వంటి పొడులను రేకు మీద అంటించి, ఆ రేణువుల సందుల్లో మాత్రమే ఆమ్లం కొరికేలా చేశారు. రంగులున్న బొమ్మలకు ఒకే చిత్రాన్ని ఒకటికి మించిన రేకులతో, ఒకదాని మీద ఇంకొకటి కచ్చితంగా కూర్చుతూ అచ్చు వేశారు. వెంట్రుకవాసి జరిగినా గీత ఒకచోట, రంగు ఒకచోట పడతాయి. వాళ్ల సుద్ద అచ్చు ఒకదాన్ని ఎప్పుడైనా భూతద్దం కింద చూడు. మామూలుగా చూస్తే వేలితో రాస్తే చెరిగిపోతుందనిపించే గీత, దగ్గరగా చూసేసరికి వందల చుక్కలుగా విడిపోతుంది. కాగితం అంచుల దగ్గర రేకు నొక్కిన పల్లం కనబడుతుంది. ఇంత దగ్గరి పోలిక కుదిరించినవాడు దాన్ని అసలు బొమ్మగా చలామణీ కానివ్వలేదు. కాగితం వెనకవైపు తన ముద్ర వేశాడు. ఆ నిజాయితీకి నేను నమస్కరిస్తాను.

ఇదే కాలంలో ఫ్రాన్సులో కూడా సుద్దగీతను, సిరా మరకను రేకుకెక్కించే ప్రయోగాలు జరుగుతున్నాయి. ఆంస్టర్‌డాంలోనే యూరియాన్ కోట్‌వైక్ అనే వెండి పనివాడు ఇలాంటి అచ్చులు వేశాడు. కాబట్టి ప్లోస్ ఒక్కడే అన్నీ కనిపెట్టాడని నేను అనను. ఏ ఒక్క పద్ధతికీ కట్టుబడకుండా, ఎదురుగా ఉన్న డ్రాయింగు ఏమి అడుగుతున్నదో చూసి దాని ప్రకారం పనిముట్టును ఎంచుకోవడమే ఆయన ప్రత్యేకత అంటాను. మంచుమీద జారే జనాన్ని గీసిన డచ్చి చిత్రకారుడు అవర్‌కాంప్ పల్చటి రంగులకు ఒక దారి, మరో డచ్చి చిత్రకారుడు ఒస్టాడె గీసిన పల్లెజనానికి మరొక దారి, రెంబ్రాంట్ తెగువగల గీతకు ఇంకొక దారి.

నీ ప్రశ్నకు నా జవాబు ఇక్కడే ఉంది. కచేరీలో గాయకుడు వేసిన సంగతిని ఆ వెంటనే వయొలిన్ మీద పలికించే పక్కవాద్యకారుడికి ఆ సంగతి ఎక్కడ మొదలై ఎక్కడ ఊపిరి తీసుకున్నదో తెలియాలి కదా, అలాగే ఏ గీత ముందు పడింది, ఏది ఆరిన తరువాత పడింది, చేయి ఎక్కడ బరువు పెట్టింది, ఎక్కడ తేలికపడింది అన్నది తెలియకుండా దాన్ని రేకుకెక్కించడం ఎవరి వల్లా కాదు. ఆ డ్రాయింగును అంత లోతుగా చూసినవాడు, గీసినవాడి తరువాత, ఈ అచ్చుపనివాడే.

ప్లోస్ చనిపోయాక 1800లో ఆయన సేకరణను వేలం వేశారు, బొమ్మలు తలో చోటుకూ చెదిరిపోయాయి. ఆయన రేకుల పనిని కొనసాగించిన క్రిస్టియాన్ యోసి, పాతవాటికి మరికొన్ని చేర్చి 1821లో లండన్‌లో పెద్ద సంపుటిగా ప్రచురించాడు. ఆంస్టర్‌డాం రైక్స్ మ్యూజియం తన అచ్చుచిత్రాలను ఇంటర్నెట్టులో ఉచితంగా, బాగా పెద్దవి చేసుకుని చూడగలిగేలా పెట్టింది. అందులో ప్లోస్ పేరు వెతికి, అవర్‌కాంప్‌ను అనుసరించి వేసిన అచ్చుతో మొదలుపెట్టు. రంగు ఎక్కడ రేకుది, గీత ఎక్కడ సూదిది, ఎక్కడ చక్రానిది అన్నది నీకు ఎలా తోచిందో వివరంగా రాయి. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ
మాధవ