చలిమంటకు ఎలాంటి చేతిగొడ్డలి?

సంపాదకులకు నమస్కారం.

శీతాకాలంలో లంబసింగి, అరకు వైపు గుడారాలతో వచ్చే యువకులు చలిమంట కోసం తెచ్చుకుంటున్న చేతిగొడ్డళ్లను చూసి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పలుచటి గొడ్డలి కొమ్మలు నరకడానికి పనికొస్తుంది గాని, కట్టె చీల్చబోతే అందులోనే ఇరుక్కుపోతుంది. చీల్చడానికి వాదర (పదునైన అంచు) వెనుక భాగం కాస్త ఉబ్బెత్తుగా ఉండి, తల బరువు 600 నుంచి 800 గ్రాములు, కామ (పిడి) మూరెడుకు కొంచెం తక్కువ ఉంటే చాలు. కామ చివర చూసినప్పుడు చెక్క చారలు వాదరకు సమాంతరంగా కనిపించాలి. అడ్డంగా ఉంటే త్వరగా విరుగుతుంది. నా మటుకు, లారీ కమాను పట్టీతో ఊరి కమ్మరి చేసిచ్చేదే మేలు, మొద్దుబారితే పదును పెట్టేదీ ఆయనే కదా.

పొట్టి గొడ్డలి గురి తప్పితే నేరుగా మోకాలికో, ముంగాలికో తగులుతుంది. అందుకే మోకాళ్లపై కూర్చుని, ఎదుట వెడల్పాటి మొద్దు పెట్టుకుని, ఎండిన కట్టె కొసకు వాదరను ఆనించి, రెండింటినీ కలిపి ఎత్తి మొద్దుపై కొట్టాలి. నిలబెట్టిన కట్టెను ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో వేటు వేస్తే వేళ్లకు ముప్పు. సరుగుడు తేలికగా విచ్చుకుంటుంది, ముడులున్న తుమ్మ జోలికి మాత్రం చిన్న గొడ్డలితో పోకూడదు.

రిజర్వు అడవిలో చెట్టు కొట్టడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం కనుక కట్టెలు ఊళ్లోనే కొనుక్కోవాలి. గుడారాలు అద్దెకిచ్చేవారు చీల్చిన కట్టెలనే అమ్మేలా పర్యాటక శాఖ నిబంధన పెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, నర్సీపట్నం