మూడు బార్ ప్రెషర్‌కి కార్బురేటర్ హోస్ పంపుతారా?

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: పాత కార్లకు కార్బురేటర్ తీసి ఇంజెక్షన్ (పెట్రోల్‌ను ప్రెషర్‌తో చిమ్మే ఏర్పాటు) బిగించే మీ కిట్టులోని లోపాలు, భాగాల మార్పిడి లేదా డబ్బు వాపసు.

నాలుగు సిలిండర్లు, 60 హార్స్‌పవర్ అని స్పష్టంగా రాసి ఆర్డర్ ఇచ్చిన కిట్టు ఇది. బిగించాక బయటపడ్డవి ఇవీ. ముందు హోస్ (పెట్రోల్ గొట్టం) సంగతే రాస్తున్నాం, ఎందుకంటే మిగతావి ఇబ్బంది పెడతాయి, ఇది బండిని తగలబెడుతుంది.

మీరు పంపిన రబ్బరు హోస్ మీద ఎస్‌ఏఈ 30ఆర్7 అని హోస్ రకం తెలిపే ప్రమాణం గుర్తు అచ్చు వేసి ఉంది. అది కార్బురేటర్ బండ్ల రకం. పాత మెకానికల్ పంపు ఇచ్చేది 4 నుంచి 6 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత). మీ ప్రెషర్ రెగ్యులేటర్ నిలబెట్టేది 3 బార్, అంటే దాదాపు 43 పీఎస్‌ఐ. ఈ హోస్ హద్దే 50 పీఎస్‌ఐ. మిగిలిన పెట్రోల్‌ను వెనక్కి పంపే రిటర్న్ పైపు ఎక్కడైనా నొక్కుకుపోతే ఆ హద్దు దాటడానికి క్షణం చాలు. ఇక్కడ కావలసింది 30ఆర్9, ట్యాంకులో పెట్రోల్‌లో మునిగి ఉండే ముక్కకైతే 30ఆర్10. క్లాంపులూ అంతే: పట్టీ నిండా చీలికలున్న, స్క్రూతో బిగించే వార్మ్ రకం. బిగించేకొద్దీ ఆ అంచులు రబ్బరును కోస్తాయి. ఇంజెక్టర్లకు పెట్రోల్ అందించే ఫ్యూయల్ రైలు దగ్గరి క్లాంపు కింద పెట్రోల్ చెమ్మ కనిపించింది. అక్కడికి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ జానెడు దూరం కూడా లేదు.

రిటర్న్‌ను పంపు ముందు టీ (మూడు మూతుల జాయింటు) పెట్టి కలిపేయమంటుంది మీ మాన్యువల్. అలా చేస్తే ఇంజిన్ దగ్గర వేడెక్కిన పెట్రోలే మళ్లీ మళ్లీ పంపులోకి తిరుగుతుంది. ఆవిరి బుడగలు పడతాయి, పంపు రొద చేస్తుంది, బండి ఐడిలింగ్‌లో కాసేపు నిలబడితే ఆగిపోతుంది. రిటర్న్ ట్యాంకులోకే వెళ్లాలి. పాత ట్యాంకుల్లో సాధారణంగా తగినన్ని అడ్డుపలకలు ఉండవు కాబట్టి, పెట్రోల్ తక్కువున్నప్పుడు మలుపులో పంపు గాలి పీలుస్తుంది. అందుకు లీటరు, లీటరున్నర సర్జ్ ట్యాంకు (పంపుకు ఎప్పుడూ పెట్రోల్ అందేలా నిండి ఉండే చిన్న ట్యాంకు) పెట్టి, పాత పంపుతో దాన్ని నింపుకుంటే సరిపోతుంది. ఈ మాటే మాన్యువల్‌లో లేదు.

ఇంజెక్టర్ల లెక్క ఎవరు వేశారో గాని, వచ్చినవి నిమిషానికి 440 సీసీవి. ఒక్కో హార్స్‌పవర్‌కి నిమిషానికి సుమారు 5.25 సీసీ వేసుకున్నా మొత్తం 315 సీసీ. నాలుగింటికి పంచి, 80 శాతం డ్యూటీకి (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం వాటా) లెక్క కడితే ఒక్కోదానికి 100 సీసీ లోపే. నాలుగింతలు పెద్దవి పెడితే ఐడిలింగ్‌లో అవి తెరుచుకోవలసిన సమయం మిల్లీసెకను చుట్టూ, ఇంకా తక్కువకూ పడిపోతుంది. అంత చిన్న పల్స్‌లో ఇంజెక్టర్లు ప్రతిసారీ ఒకే కొలత పోయడం కష్టం. మిక్స్చర్ ఒకసారి రిచ్ (పెట్రోల్ ఎక్కువ), ఒకసారి లీన్ (తక్కువ). ట్యూనింగ్‌తో పోయే జబ్బు కాదిది.

ఆక్సిజన్ సెన్సర్‌ను సైలెన్సర్ పైపు అడుగున బిగించినట్టు బొమ్మ వేశారు. చల్లారాక పేరుకున్న నీరు సెన్సర్ మీదే నిలుస్తుంది, స్టార్ట్ చేయగానే లోపలి సిరామిక్ పగిలే ప్రమాదం ఉంది. దాన్ని పైపు పైసగంలో, అడ్డంగా కాకుండా కనీసం 10 డిగ్రీలు పైకి ఉండేలా బిగించాలి.

ఆర్పీఎమ్ (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) సిగ్నల్‌ను ఇగ్నిషన్ కాయిల్ నెగెటివ్ నుంచి తీసుకోమన్నారు. మరి రెసిస్టర్ ప్లగ్గులు, రెసిస్టెన్స్ ఉన్న వైర్లు తప్పనిసరని ఎక్కడా చెప్పలేదే? రాగి తీగ ప్లగ్ వైర్లతో స్పార్క్ పుట్టించే విద్యుత్ రొదంతా ఈసీయూలోకి (ఇంజెక్షన్‌ను నడిపే కంప్యూటర్) వెళ్లి ఆర్పీఎమ్ తప్పుగా చదువుతుంది. సిగ్నల్ తెగిందనుకుంటే పంపు రిలే కట్టేస్తుంది. డైనమో ఉన్న బండ్లకు ఐడిలింగ్‌లో పంపు, ఇంజెక్టర్లు లాగే కరెంటు అందదు, ఆల్టర్నేటర్ కావాలని పెట్టె మీదే రాయండి.

మాకు కావలసింది: 30ఆర్9 హోస్, అంచులు నున్నగా ఉండే ఇంజెక్షన్ క్లాంపులు, 100 నుంచి 120 సీసీ ఇంజెక్టర్లు, వాటికి సరిపోయే ఈసీయూ మ్యాప్ (ఎప్పుడు ఎంత పెట్రోల్ పోయాలో చెప్పే పట్టిక). ఇవి 15 రోజుల్లో పంపండి, లేదా కిట్టు వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇవ్వండి. ఇదే హోస్ వెళ్లిన మిగతా కొనుగోలుదారులకు మాత్రం ఈ లేఖ అందిన రోజే, బండి తీయవద్దని కబురు పెట్టండి.

హోస్ మీది అచ్చు, చెమ్మ పట్టిన క్లాంపు ఫోటోలు, బిల్లు నకలు జతపరిచాం.

ఇట్లు,
కిట్టు బిగించిన వర్క్‌షాపు