డిస్నీలాండ్ పాస్ కొనాలా, టికెట్లు చాలా?

ఇర్వైన్, కాలిఫోర్నియా
2024 డిసెంబరు 8

అక్కా,

బావగారికి, అమ్మానాన్నలకి మా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు.

వేసవి సెలవుల్లో వచ్చి నెలన్నర మీ దగ్గరే ఉంటాం కాబట్టి డిస్నీలాండ్‌కి ఏడాది పాస్ తీసుకుంటే ఎన్నిసార్లైనా వెళ్లి రావచ్చు కదా అని అడిగావు. ముందు జవాబు చెప్పేస్తాను. మీకు పాస్ వద్దు. నీకు, బావగారికి, పెద్దోడికి మూడు రోజుల టికెట్ తీసుకోండి. అమ్మానాన్నలకి ఒక్క రోజుది చాలు. చిన్నదానికి అసలు టికెట్టే అక్కర్లేదు. ఎందుకో వివరంగా రాస్తాను, బావగారికి కూడా చదివి వినిపించు. డబ్బు కట్టాక పాస్ వెనక్కి తీసుకోరు.

ఇక్కడి పాస్ పేరు మ్యాజిక్ కీ. 2021 ఆగస్టులో పాత పాస్‌ల స్థానంలో తెచ్చారు. ఇందులో నాలుగు రకాలున్నాయి. ఈ అక్టోబరులో పెరిగిన ధరల ప్రకారం ఇమాజిన్ 599 డాలర్లు, ఎంచాంట్ 974, బిలీవ్ 1374, ఇన్‌స్పైర్ 1749. ఇది మనిషికి ధర, కుటుంబానికి కాదు. డాలరు 84 రూపాయలనుకుంటే ఎంచాంట్ ఒక్కటే 81,816 రూపాయలు. ఇమాజిన్ దక్షిణ కాలిఫోర్నియాలో ఇల్లున్నవాళ్లకే ఇస్తారు, అంటే మీకు రాదు. మీకు మిగిలినవి పై మూడే. నెలనెలా కట్టే సదుపాయం కూడా కాలిఫోర్నియా వాసులకే కాబట్టి మీరు మొత్తం ఒకేసారి కట్టాలి.

పిల్లల విషయంలో ఒక ముఖ్యమైన తేడా ఉంది. టికెట్లలో 3 నుంచి 9 ఏళ్ల వాళ్లకి కొంచెం తక్కువ ధర, 3 నిండనివాళ్లకి ఉచితం. పాస్‌లో పిల్లల ధర అంటూ లేదు, పెద్దోడికీ బావగారికీ ఒకటే రేటు. పెద్దోడికి జూన్ 20కి పదేళ్లు నిండుతాయి, చిన్నదానికి జులైలో మూడేళ్లు. పార్కుకి వెళ్లే రోజున ఎన్నేళ్లన్నదే లెక్క. మే నెలలో వెళితే ఇద్దరికీ కలిసొస్తుంది. చిన్నదాని పాస్‌పోర్టు కాపీ ఫోన్‌లో ఉంచుకో.

ఇక అసలు లెక్క. అందరూ చేసే పని పాస్ ధరని ఒక రోజు టికెట్ ధరతో భాగించడం. ఒక రోజు టికెట్ రోజుని బట్టి 104 డాలర్ల నుంచి 206 దాకా ఉంది. మే నెలలో వారం మధ్యలో 160 అనుకుందాం. 974ని 160తో భాగిస్తే ఆరుకి కాస్త పైన వస్తుంది, అంటే ఏడోసారి వెళితే గిట్టుతుందనిపిస్తుంది. ఈ లెక్కలో తప్పుంది. నెలన్నరలో ఏడుసార్లు వెళ్లాలనుకునేవాళ్లు ఏడు విడి టికెట్లు కొనరు. ఎక్కువ రోజుల టికెట్ కొంటారు, రోజులు పెరిగే కొద్దీ అందులో రోజు ధర బాగా తగ్గుతుంది. మీలా వచ్చి వెళ్లేవాళ్లు పాస్‌ని ఐదు రోజుల టికెట్‌తో పోల్చుకోవాలి. అలా చూస్తే పాస్ గిట్టడానికి ఏడు రోజులు కూడా చాలవు. పాస్‌లో ఒకే రోజు రెండు పార్కులూ తిరగవచ్చు, మామూలు టికెట్‌కి అది అదనపు ఖర్చు. కానీ మూడు రోజులున్నప్పుడు రెండు రోజులు డిస్నీలాండ్‌కి, ఒక రోజు ఎదురుగా ఉన్న కాలిఫోర్నియా అడ్వెంచర్‌కి పెట్టుకుంటే ఆ అదనం అవసరమే రాదు.

పాస్ ఉంటే తర్వాతి ప్రయాణాలన్నీ ఉచితమనిపిస్తుంది. ఉచితం కాదు. వెళ్లిన ప్రతిసారీ కారు పార్కింగ్ ఉంటుంది, మామూలు ధర 35 డాలర్లు, పాస్ రకాన్ని బట్టి తగ్గుతుంది. లోపల భోజనాలు, పిల్లలు పట్టుబట్టి కొనిపించే బుడగలు, టోపీలు వేరే. క్యూలో నిలబడకుండా పోయే లైట్నింగ్ లేన్‌కి రోజూ తలకింత. పాస్‌తో తిండి మీద, బొమ్మల మీద తగ్గింపు ఉంది. ఇన్‌స్పైర్‌కైతే తిండి మీద 15 శాతం, వస్తువుల మీద 20 శాతం. అవి ఎలాగూ కొనేవాళ్లకి పనికొస్తాయి. మనం తిండి ఇంటి నుంచే పట్టుకెళ్లవచ్చు. పులిహోర, చపాతీలు, పెరుగన్నం, నీళ్ల సీసాలు, ఏవీ ఆపరు. గాజు సీసాలు, పెద్ద ఐసు పెట్టెలు మాత్రం వద్దంటారు.

పాస్ ఉంటే చాలు, ఏ రోజైనా లోపలికి పోవచ్చనుకోవడం రెండో పొరపాటు. రవిర్యాల వండర్లాకి వెళ్లినట్టు ఆ ఉదయం అనుకుని బయల్దేరితే ఇక్కడ కుదరదు. ప్రతి రకం పాస్‌కీ బ్లాకౌట్ డేట్లు అని మూసిన రోజులుంటాయి. పాస్ ఎంత చవకైతే మూసిన రోజులు అంత ఎక్కువ. సరిగ్గా పిల్లలకి సెలవులుండే రోజులే మూస్తారు. అన్నిటికంటే ఖరీదైన ఇన్‌స్పైర్ కూడా క్రిస్మస్ వారంలో పనిచెయ్యదు. తెరిచి ఉన్న రోజులకి కూడా ముందుగా రిజర్వేషన్ చేసుకోవాలి, అది 90 రోజుల ముందు దాకా చేసుకోవచ్చు. ఒకేసారి చేతిలో ఉంచుకోగలిగినవి ఇమాజిన్‌కి రెండు, ఎంచాంట్‌కి నాలుగు, బిలీవ్, ఇన్‌స్పైర్‌లకి ఆరేసి. పాస్‌ల వాళ్లకి ఇచ్చే ఖాళీలు అయిపోయాయంటే ఆ రోజుకి మామూలు టికెట్లు అమ్ముతున్నా సరే, మనకి దారి లేదు. 2021లో డ్రీమ్ కీ అని 1399 డాలర్ల పాస్ ఉండేది, బ్లాకౌట్ డేట్లు లేవని చెప్పి అమ్మారు. కొన్నవాళ్లకి రోజులు దొరక్క ఒకామె కోర్టుకెళ్లింది. 2023లో 95 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. రిజర్వేషన్ పద్ధతి మాత్రం ఇంకా ఉంది.

రిజర్వేషన్ చేసుకుని వెళ్లకపోతే ఏమవుతుందో కూడా తెలియాలి. ముందు రోజు రాత్రి 11:59 లోపల రద్దు చేసుకుంటే ఇబ్బంది లేదు. చెయ్యకుండా 90 రోజుల్లో మూడుసార్లు ఎగ్గొడితే 30 రోజులు కొత్త రిజర్వేషన్లు చెయ్యనివ్వరు. పిల్లలతో ప్రయాణాల్లో జ్వరాలు, విరేచనాలు మామూలే. నెలన్నర కోసం వచ్చినవాళ్లకి 30 రోజులు పోతే ఆ పాస్ ఇక ఎందుకు? టికెట్లకి కూడా రిజర్వేషన్ ఉంటుంది కానీ రోజు ఖరారు చేసుకునే కొంటాం కాబట్టి ఇంత బాధ ఉండదు.

బావగారు అన్న రెండో మాట, మా పాస్ మీద మీరు వెళ్లి రావడం, అది జరగదు. గేటు దగ్గర మనిషి ఫొటో తీసి పాస్‌కి కడతారు. అక్కాచెల్లెళ్లమైనా, ఒకే ఇంటివాళ్లమైనా ఒకరి పాస్ ఇంకొకరికి చెల్లదు. టికెట్లు కూడా అంతే. మూడు రోజుల టికెట్‌లో ఒక రోజు నువ్వు, రెండు రోజులు నేను అనడానికి లేదు. ఆన్‌లైన్‌లో సగం వాడిన టికెట్లు చవగ్గా అమ్ముతామంటారు, వాటి జోలికి పోవద్దని బావగారితో గట్టిగా చెప్పు.

మరి పాస్ ఎవరికి మంచిదంటావా? ఇక్కడే గంట లోపు దూరంలో ఉండి, వారం మధ్యలో సెలవు పెట్టుకోగలిగి, బడికి పోని చిన్న పిల్లలున్న వాళ్లకి. అలాంటివాళ్లు పొద్దున వెళ్లి మూడు రైడ్లు ఎక్కి మధ్యాహ్నం నిద్ర వేళకి ఇంటికి వచ్చేస్తారు. ఏడాదికి అలా పదిసార్లు వెళితే 599 డాలర్ల ఇమాజిన్ నిజంగా చవక. శని ఆదివారాలే ఖాళీ ఉన్న ఉద్యోగస్థులకి అదే పాస్ దండగ, చాలా శనివారాలు మూసే ఉంటాయి. పార్కింగ్ ఉచితమని ఇన్‌స్పైర్ కొనేవాళ్లున్నారు. బిలీవ్‌కీ దానికీ తేడా 375 డాలర్లు. బిలీవ్‌తో పార్కింగ్ సగానికే వస్తుంది, అంటే ఇన్‌స్పైర్ వల్ల మిగిలేది ఒక్కోసారికి 17న్నర డాలర్లు. ఒక్క పార్కింగ్ కోసమే అయితే 22 సార్లు వెళ్లాలి. అయినా ఒక కారుకి ఒకళ్ల దగ్గర ఆ పాస్ ఉంటే చాలు, అందరికీ కొనక్కర్లేదు. హెచ్1బి మీద ఉన్నవాళ్లు ఇంకొకటి ఆలోచించుకోవాలి. ఉద్యోగం మారి టెక్సస్ వెళ్లిపోయినా వాయిదాలు ఆగవు, ఏడాది పూర్తయ్యేదాకా కట్టాల్సిందే. పైగా పాస్‌లు ఎప్పుడు పడితే అప్పుడు అమ్మరు, ఒక్కోసారి నెలల తరబడి కొత్తవాళ్లకి ఇవ్వరు. ఇక్కడివాళ్లెవరైనా నన్నడిగితే ముందు టికెట్‌తో వెళ్లి చూడమంటాను. నచ్చితే ఆ టికెట్ గడువు తీరకముందే టికెట్ కౌంటర్ దగ్గర మిగతా డబ్బు కట్టి పాస్‌గా మార్చుకోవచ్చు, ఆ సమయానికి పాస్‌లు అమ్ముతుంటేనే.

ఇప్పుడు మీ తేదీలు. మనకి బడి సెలవులు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా. ఇక్కడి బడులు మే చివర్లోనో జూన్‌లోనో మూస్తారు. అంటే మన పిల్లలకి సెలవులు, ఇక్కడి పిల్లలకి బడి ఉండే రోజులు మే మొదటి మూడు వారాలు. డిస్నీలాండ్ మొదలై 2025 జులై 17కి 70 ఏళ్లు. ఆ వేడుకలతో వేసవి పొడుగునా జనం పెరుగుతారు కాబట్టి మీరు ముందే వెళ్లడం మేలు. నా మాట వింటే మే 13, 14, 15, మంగళ బుధ గురు వారాలు. మే 26 మెమోరియల్ డే, ఇక్కడ అందరికీ సెలవు, దాని ముందు శని ఆదివారాల జోలికి పోవద్దు. వచ్చిన మొదటి వారం కూడా పెట్టుకోవద్దు. వేసవిలో మనకీ ఇక్కడికీ పన్నెండున్నర గంటల తేడా, పిల్లలు మధ్యాహ్నం మూడింటికి ఎక్కడున్నా నిద్రపోతారు. మూడు రోజులూ వరసగా వెళ్లక్కర్లేదు, కానీ మొదటిసారి వాడాక 13 రోజుల్లో టికెట్ గడువు తీరిపోతుంది. మధ్యలో ఒక రోజు విశ్రాంతి తీసుకుంటే అమ్మకి కూడా హాయి.

మే అంటే మనకి రోళ్లు పగిలే ఎండలు కదా. ఇక్కడ పొద్దునంతా మబ్బు కమ్మి ఉంటుంది, మే గ్రే అంటారు. రాత్రి బాణసంచా వేళకి చలి పుడుతుంది. అందరికీ తలొక స్వెటర్ తప్పకుండా పెట్టు.

రైడ్లకి ఎత్తు కొలుస్తారు. స్పేస్ మౌంటెన్‌కి 102 సెంటీమీటర్లు, మాటర్‌హార్న్‌కి 107, ఇండియానా జోన్స్‌కి 117, ఇన్‌క్రెడికోస్టర్‌కి 122. పెద్దోడి ఎత్తు గోడకి నిలబెట్టి కొలిచి రాసి పంపు. చిన్నది వీటిలో ఏదీ ఎక్కలేదు, పడవలు, రైలు, ఏనుగు బొమ్మలే దానికి. అది ఎక్కలేని చోట రైడర్ స్విచ్ అడగండి. ఒకరు చిన్నదానితో బయట ఉంటే ఇంకొకరు పెద్దోడితో ఎక్కుతారు. వాళ్లు దిగాక రెండోవాళ్లు మళ్లీ పెద్ద క్యూలో నిలబడకుండా ఎక్కవచ్చు. దీనికి డబ్బు అక్కర్లేదు, మొదట్లోనే అక్కడి మనిషికి చెప్పాలి.

అమ్మానాన్నలు ఆరు నెలలుంటారు కాబట్టి వాళ్లకైనా పాస్ తీసుకుందామా అన్నావు. వద్దక్కా. రోజంతా తిరిగితే తేలిగ్గా పది కిలోమీటర్ల నడక, అమ్మ మోకాళ్లతో అది మళ్లీ మళ్లీ జరగదు. ఒక్క రోజు మనందరితో వస్తారు, గేటు దగ్గర వీల్‌చెయిర్ అద్దెకి తీసుకుందాం. పార్కు చుట్టూ తిరిగే రైలు, మార్క్ ట్వెయిన్ పడవ, ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్, ఇవి ఇద్దరికీ సరిపోతాయి. తర్వాత ఎప్పుడైనా సాయంత్రం సరదాకి డౌన్‌టౌన్ డిస్నీకి తీసుకెళతాను. అది పార్కు బయట అంగళ్ల వీధి, లోపలికి టికెట్ లేదు.

పిల్లలకి ఇంకా తిరగాలని ఉంటే బ్యూనా పార్క్ అనే ఊళ్లో నాట్స్ బెర్రీ ఫార్మ్ అని ఇంకో రైడ్ల పార్కు ఉంది. డిస్నీలాండ్‌కి ఏడు మైళ్లు. అక్కడి సీజన్ పాస్ ధర డిస్నీ పాస్ ధరలో చిన్న భాగమే, రెండు మూడుసార్లు వెళితే డబ్బు వచ్చేస్తుంది. క్యాంప్ స్నూపీలో చిన్నదాని ఈడువాళ్లకి రైడ్లు బోలెడు. పార్కింగ్ కలిపి ఉందో లేదో చూసుకుని కొనాలి, బయట తిండి అక్కడ ఒప్పుకోరు. మీరు పాస్ కొని తీరాలనుకుంటే అది కొనండి.

ఇప్పుడు నువ్వు పంపాల్సినవి: విమానం దిగే తేదీ ఖాయమయ్యాక అది, పాస్‌పోర్టులో ఉన్నట్టు అందరి పేర్లు, పెద్దోడి ఎత్తు. రిజర్వేషన్ ఖాళీలు చూసి టికెట్లు నేను తీస్తాను, బావగారిని అక్కడి నుంచి ఏదీ కొనవద్దని చెప్పు. అమ్మ మోకాలికి వేసుకునే పట్టీ, నాన్న మందులకి డాక్టరు చీటీ మర్చిపోకండి.

నీ చెల్లెలు