మిర్చి ధర పక్కన నిల్వ ఖర్చు కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు మిర్చి యార్డులోని ఒక కమీషన్ దుకాణంలో చాలా ఏళ్లు గుమాస్తాగా లెక్కలు రాసినవాణ్ని. మీ పత్రికలో పంటల ధరల వార్తలను ఇప్పటికీ రోజూ చదువుతాను. వాటిలో పెట్టుబడి, సాగు ఖర్చు, ఉత్పత్తి వ్యయం, గిట్టుబాటు ధర, మద్దతు ధర అన్న మాటలు ఒకదానికి బదులు మరొకటి పడడం చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది. ఒక్కో మాట వెనుక ఒక్కో లెక్క ఉంది. ఆ తేడా చెరిగిపోయిన చోట నష్టపోయేది రైతే.

కోల్డ్ స్టోరేజీలో దాచిన ఏసీ సరుకు ధర క్వింటాలుకు ఇంత పెరిగిందని వార్త వచ్చినప్పుడు, దాచినవాళ్లందరికీ అంత లాభం వచ్చినట్టే చదివేవారికి అనిపిస్తుంది. కొన్నేళ్ల కిందట మార్చిలో మా ఊరి రైతు ఒకాయన 25 టిక్కీలు (మిర్చి బస్తాలు), అంటే టిక్కీకి 40 కిలోల చొప్పున 10 క్వింటాళ్ల కాయలు, గిడ్డంగిలో పెట్టి, ఆ రసీదు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అంకెలను పూర్ణాంకాలుగా చేసి చెబుతున్నాను. ఆ రోజు ధర క్వింటాలుకు 14,000 రూపాయలు. అమ్మితే చేతికి 1,40,000 వచ్చేది. ఆ డబ్బుతో తీర్చగలిగిన అప్పు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ మీద నడుస్తోంది. నవంబరు దాకా ఎనిమిది నెలలు ఆగితే ఆ వడ్డీయే 22,400 అవుతుంది. టిక్కీకి 200 చొప్పున గిడ్డంగి అద్దె 5,000, బస్తాలు ఎత్తి దించే హమాలీ, కిరాయి కలిపి మరో 1,000. రసీదు వెనకే ఈ కూడిక వేసి చూపించాను. అన్నీ కలిపితే 1,68,400. అంటే నవంబరులో క్వింటాలు 16,840కి అమ్ముడుపోతే ఆగినందుకు లాభమూ లేదు, నష్టమూ లేదు. 16,500 పలికిందనుకోండి, 2,500 పెరిగిందని వార్త వస్తుంది. ఆయన జేబులోంచి మాత్రం మొత్తం మీద 3,400 పోయినట్టే. ఆగినందుకు పడిన ఈ వడ్డీ, అద్దె, హమాలీలనే మేనేజ్‌మెంట్ పుస్తకాలు క్యారీయింగ్ కాస్ట్ అంటాయి, లాభనష్టాలు లేని ఆ 16,840నే బ్రేక్ ఈవెన్ అంటాయి. అప్పు లేకుండా సొంత డబ్బుతో ఆగినవారికి కూడా, ఆ సొమ్ము బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీ పోయినట్టే కనుక, ఈ లెక్క కొంత తగ్గుతుందే తప్ప పోదు.

ఆ రోజు ఆయన అడిగిన ప్రశ్న నాకింకా గుర్తుంది. "సాగుకే లక్షా ఎనభై వేలు పెట్టాను, ఆ పెట్టుబడే రావడం లేదు, ఎట్లా అమ్మమంటావు బాబాయ్?" ఆ మాటలోని కష్టం నిజం. కానీ విత్తనానికీ, పురుగుమందులకూ, కోత కూలీలకూ పెట్టిన ఆ డబ్బు సరుకును ఈ రోజు అమ్మినా, నవంబరులో అమ్మినా తిరిగి రాని ఖర్చు. సంక్ కాస్ట్ అనేది దీన్నే. ఆగాలా, అమ్మాలా అని తేల్చుకునేటప్పుడు చూడవలసింది ఈ రోజు వచ్చే ధర, ఇక మీద పెట్టబోయే ఖర్చు, అప్పటికి రాగల ధర, ఈ మూడే. సాగు ఖర్చు అవసరమయ్యే సందర్భాలు వేరు: వచ్చే ఏడు మిర్చి వేయాలా వద్దా అన్నప్పుడు, ప్రభుత్వాన్ని ధర అడిగేటప్పుడు అది తప్పనిసరిగా లెక్కకు రావాలి. ఈ రెండు ప్రశ్నలనూ కలిపేసి, పెట్టుబడి రాలేదన్న ఒక్క కారణంతో ఏడాది పొడవునా సరుకు దాచి, కొత్త పంట యార్డుకు వచ్చే వేళకు రంగు దిగిన కాయలను తక్కువకు తెగనమ్ముకున్నవారిని ఎందరినో చూశాను.

మద్దతు ధర వార్తల్లోనూ ఇదే చిక్కు. ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామని ప్రభుత్వం అంటే ఆ మాటనే అచ్చువేస్తున్నారు గాని, ఏ ఖర్చుకు అన్నది రాయడం లేదు. వ్యవసాయ వ్యయాలు, ధరల కమిషన్ లెక్కల్లో ఏ2 అంటే రైతు చేతి నుంచి నిజంగా బయటికి పోయిన ఖర్చు, కౌలుకు తీసుకున్న భూమి అద్దెతో సహా. దానికి ఇంటిల్లిపాదీ చేసిన పనికి కట్టిన విలువ కలిపితే ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్. సొంత భూమి అద్దె విలువ, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా చేరిస్తే సీ2. 2025-26 ఖరీఫ్‌లో సాధారణ రకం వరికి ప్రకటించిన 2,369 రూపాయలు, 1,579గా లెక్కగట్టిన ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్ మీద ఒకటిన్నర రెట్లు. సీ2 మీద కాదు. రైతు సంఘాలు అడుగుతున్నది సీ2 మీద. ఈ ఒక్క వాక్యం వార్తలో ఉంటే వాదం దేని గురించో పాఠకుడికి తెలుస్తుంది.

మిర్చికి అసలు మద్దతు ధరే లేదు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయినప్పుడు మార్కెట్ జోక్య పథకం కింద కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. దాన్ని మద్దతు ధర అని రాసినా, గిట్టుబాటు ధర అని రాసినా తప్పే. గిట్టుబాటు అన్నది ఖర్చులన్నీ పోను రైతుకు మిగిలే ధర గురించి మన వాళ్లు తరతరాలుగా వాడుతున్న మాట. దాన్ని ప్రకటించిన ప్రతి అంకెకూ తగిలించకూడదు.

సరఫరా గొలుసు అని మీరు రాసేది యార్డులో అందరికీ తెలిసిన వ్యవహారమే. కల్లం నుంచి యార్డుకు కిరాయి, కాటా, హమాలీ, కమీషన్, అద్దె, వడ్డీ, ఒక్కో మెట్టు మీద ఒక్కో ఖర్చు సరుకుకు చేరుతూ పోతుంది. కొత్త పదాలు పుట్టించనక్కరలేదు, ఉన్న మాటలను వాటి వాటి చోట వాడితే చాలు.

మీకు నా విన్నపం ఒక్కటే. రోజూ మిర్చి ధరల పట్టిక వేసే చోట, వారానికి ఒకసారైనా, టిక్కీకి ఆ సీజను గిడ్డంగి అద్దె ఎంత నడుస్తోందో, మార్చి ధర మీద ఇప్పటిదాకా వడ్డీ ఎంత పడిందో, రెండూ కలిపి ఏ ధరకు అమ్మితే అసలు దక్కుతుందో రెండు వరుసల్లో వేయండి. ఆ కూడిక వేసి ఇవ్వడానికి మా వంటి పాత గుమాస్తాలు యార్డు చుట్టుపక్కల ఇంకా ఉన్నారు.

భవదీయుడు,
ఒక విశ్రాంత గుమాస్తా, గుంటూరు