టీటీ-02కి ఆయిల్ షాక్‌లు వేసేవాళ్లకి

అందరికీ నమస్తే. టమియా టీటీ-02 రిమోట్ కంట్రోల్ కారు కిట్‌తో వచ్చే డంపర్లలో (అంటే షాక్‌లలో) ఆయిల్ ఉండదు, ఒట్టి స్ప్రింగులే. అందుకే గతుకుల్లో బండి బంతిలా ఎగురుతుంది. టమియావే సీవీఏ రకం ఆయిల్ షాక్‌లు 4 వేయండి. 400 (చిక్కదనం నంబరు) సిలికాన్ ఆయిల్‌తో మొదలుపెట్టండి, ఎండాకాలంలో కాస్త చిక్కనిది. ఇంజన్ ఆయిల్ వద్దు, ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగులు ఉబ్బిపోతాయి.

షాక్ రాడ్ కిందికి లాగి ఆయిల్ అంచుదాకా పోసి, మెల్లగా ఆడించి, బుడగలు పైకొచ్చేదాకా 10 నిమిషాలు నిలబెట్టండి. డయాఫ్రం (మూత కింద ఉండే మెత్తటి రబ్బరు బిళ్ల) పెట్టి, రాడ్ సగం నొక్కి, పొంగింది తుడిచి మూత బిగించండి. ఆడిస్తే గుడగుడమందా? గాలి ఉన్నట్టే, మళ్లీ విప్పాల్సిందే.

రాడ్‌ని ఉత్త ప్లయర్‌తో పట్టకండి, మధ్యలో గుడ్డ పెట్టండి. చిన్న గీత పడ్డా ఆయిల్ కారుతుంది. ఎడమ, కుడి షాక్‌ల పొడవులు మాత్రం కొలిచి సమానంగా పెట్టండి, లేదంటే బండి ఒరుగుతుంది.