సిరీస్ మొదలుపెట్టేవాళ్ళకి

అందరికీ నమస్తే. ఏ సిరీస్ అయినా కథాకాలం వరసలో కాదు, అచ్చయిన వరసలో చదవండి. పిల్లల ఫాంటసీ సిరీస్ 'నార్నియా' ఇప్పటి సెట్లలో 1 అంకె వేసి ఉండే 'ది మెజీషియన్స్ నెఫ్యూ'ని సి.ఎస్. లూయిస్ ఆరో పుస్తకంగా, 1955లో తెచ్చారు. 1950లో వచ్చిన మొదటిదాంట్లో లూసీ బీరువాలోకి దూరి, వేలాడే కోట్లు తోసుకుంటూ వెళ్తే కాళ్ళకింద మంచు, అడవి మధ్యలో వెలుగుతున్న దీపస్తంభం! అదక్కడికెలా వచ్చిందో 'మెజీషియన్స్ నెఫ్యూ'లో ముందే చదివేస్తే ఆ ఆశ్చర్యం పోయినట్టే. అసిమోవ్ సైన్స్ ఫిక్షన్ సిరీస్ 'ఫౌండేషన్' కూడా 1951 పుస్తకంతోనే మొదలుపెట్టండి, 1988 నాటి పూర్వకథ తర్వాత చూసుకోవచ్చు.

అగాథా క్రిస్టీ పాత కాపీలు కొనేవాళ్ళు జాగ్రత్త. 'మర్డర్ ఇన్ ది కాలే కోచ్' అంటే 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్'కి 1934లో అమెరికాలో పెట్టిన పేరే. కొత్తదనుకుని రెండోసారి కొంటారు. మేరీ వెస్ట్‌మకాట్ పేరుతో ఆమె రాసిన ఆరు నవలలు డిటెక్టివ్ కథలు కావు.

'ఫ్రాంకెన్‌స్టైన్' కలిసి చదివేటట్టయితే అందరూ ఒకే పాఠం (వెర్షన్) తీసుకోండి. 1818 పాఠంలో ఎలిజబెత్ కథానాయకుడు విక్టర్‌కి మేనత్త కూతురు, 1831 పాఠంలో పెంచుకున్న పిల్ల. నా ఓటు 1818కే.